మీకు తెలుసా? గులాబీ రంగున్నా ఉడికిన కోడే!

అమెరికాలో పెరటి స్మోకర్ (పొగతో వండే పొయ్యి) మీద కోడిని ముక్కలు కొట్టకుండా వండేవాళ్లు చాలామంది ముందు దాని వెన్నెముకను కత్తెరతో కోసి తీసేస్తారు. తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము మీద అరచేత్తో గట్టిగా నొక్కితే, కోడి తెరిచిన పుస్తకంలా పరుచుకుంటుంది. మామూలుగా అయితే తొడలు ఉడికేలోగా రొమ్ము మాంసం ఎండిపోతుంది. పరిచి పెడితే తొడలకూ నేరుగా వేడి తగిలి, రెండూ ఇంచుమించు ఒకేసారి ఉడుకుతాయి.

యాపిల్, చెర్రీ కట్టెల పొగ కోడికి బాగా నప్పుతుంది. సెగ మాత్రం 110 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంచితే చర్మం రబ్బరులా సాగుతుంది. 135 నుంచి 150 దాకా పెంచడమే మేలు.

అసలు విశేషం రంగులో ఉంది. పొగలోని నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ వాయువులు మాంసంలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్‌తో కలుస్తాయి. అందుకే పూర్తిగా ఉడికిన కోడి కూడా చర్మం కింద గులాబీ రంగులో కనిపించవచ్చు. తెల్లబడినంత మాత్రాన ఉడికినట్టూ కాదు. కాబట్టి రంగును నమ్మకండి. రొమ్ములో, తొడలో ఎముకకు తగలకుండా థర్మామీటర్ గుచ్చి చూడండి. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం లోపల 74 డిగ్రీలు చేరితేనే తినడానికి క్షేమం.