పొయ్యికి వేసవి సెలవులు

మా నరసరావుపేటలో ఎండల గురించి ఎవరూ గొప్పలు చెప్పుకోరు. ఆ గొప్ప రెంటచింతల వాళ్ళది. అయినా రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత మా వీధిని చూసే పుట్టిందేమోనని చిన్నప్పుడు నా అనుమానం. ఆ రోజుల్లో మా అమ్మ పొద్దున తొమ్మిదింటికల్లా వంట ముగించి పొయ్యి ఆర్పేసేది. మామిడికాయ పప్పో, ముద్దపప్పో ఒకటి. కొత్తావకాయ జాడీలో ఉండనే ఉంది. ఉల్లిపాయ పచ్చిపులుసుకు పొయ్యితో పనే లేదు. ఆపైన మజ్జిగ. మళ్ళీ మర్నాడు తెల్లవారేదాకా వంటింట్లో మంట వెలిగేది కాదు.

మధ్యాహ్నం గుమ్మానికి కట్టిన వట్టివేళ్ళ తడికల మీద నీళ్ళు చల్లటం పిల్లల పని. బకెట్టు నీళ్ళలో రసాలు నానుతూ ఉండేవి. సాయంత్రం ముంజలకాయల బండి వచ్చేది. ముంజలోకి బొటనవేలు దిగేసి, చివ్వున చిమ్మే నీళ్ళతో చొక్కా పాడుచేసుకుని తిట్లు తినేవాళ్ళం. రాత్రికి డాబా మీద నీళ్ళు చల్లి, పక్కలు పరిచి, పెరుగన్నంలో మామిడిపండు. అమ్మ కూడా మాతోపాటే కూర్చుని తినేది. మిగతా కాలాల్లో అలా కూర్చోవటం నాకు గుర్తులేదు.

డల్లాస్ ఎండలు మా పల్నాటి ఎండలకేమీ తీసిపోవు. 2011 వేసవిలో ఇక్కడ 71 రోజులు వంద డిగ్రీలు దాటింది. కానీ మనకు ఎండ తెలియదు. ఏసీ ఇంట్లోంచి ఏసీ కారులోకి, అక్కణ్ణించి ఏసీ ఆసుపత్రిలోకి. అందుకే డిసెంబరులో ఏం వండుతామో జూలైలోనూ అదే వండుతాం. ఇక వారాంతపు విందుల సంగతి మీకు నేను చెప్పాలా? పోయినసారి వాళ్ళింట్లో పదకొండు రకాలు పెడితే ఈసారి మనం పన్నెండు పెట్టాలి. ఈ లెక్క ఎవరు మొదలుపెట్టారో గానీ ఆపే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. నాకూ లేకపోయింది.

2022 జూలైలో ఒక శనివారం. అమలాపురం దగ్గరి పల్లెటూరి నుంచి మా అత్తయ్య వచ్చి రెండు నెలలైంది. ఆవిడకు పరిచయం చేద్దామని ముప్ఫై మందిని భోజనానికి పిలిచాం. ముందురాత్రి నాకు ఆసుపత్రి డ్యూటీ. పొద్దున వచ్చి రెండు గంటలు పడుకుని లేచి వంట మొదలుపెట్టాను. నూనె వాసన ఇల్లంతా పట్టకుండా గరాజ్‌లో ఒక పొయ్యి పెట్టుకున్నాం, మీలో చాలామంది ఇళ్ళలో ఉన్నట్టే. మధ్యాహ్నం మూడింటికి గారెలు వెయ్యటానికి అక్కడ నిలబడ్డాను. పొగ పోవాలని గరాజ్ తలుపు ఎత్తి ఉంచితే బయటి వేడి, పొయ్యి వేడి ఏకమయ్యాయి. రెండో వాయి తీస్తుండగా పిక్కలు పట్టేశాయి, కడుపులో తిప్పింది, కళ్ళు బైర్లు కమ్మాయి. పొయ్యి ఆర్పాలని తెలుస్తూనే ఉంది. చెయ్యి మాత్రం లేవలేదు.

కళ్ళు తెరిచేసరికి నేల మీద ఉన్నాను. మూకుడున్న వైపు కాక ఇటు పడ్డాను, అంతే తేడా. పిల్లలకు ఆ మాట ఇప్పటికీ చెప్పలేదు.

ఇక్కడ డాక్టరుగా ఒక మాట. చెమటలు పోసి, కళ్ళు తిరిగి, వాంతి వచ్చినట్టుండి, మనిషి తెలివిగానే మాట్లాడుతుంటే చల్లని చోట పడుకోబెట్టి ఉప్పూ నీళ్ళూ అందిస్తే చాలావరకు తేరుకుంటారు. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా, ఒళ్ళు 104 డిగ్రీలు దాటినా అది వడదెబ్బ. అప్పుడు మజ్జిగ పట్టించే ప్రయత్నం చెయ్యకండి. 911కి ఫోన్ చేసి, వాళ్ళు వచ్చేలోపు చన్నీళ్ళతో ఒళ్ళంతా తడపండి.

నాది మొదటి రకం. అత్తయ్య నన్ను లోపలికి నడిపించి, తల కింద దిండు పెట్టి, ఉప్పూ నిమ్మరసమూ వేసిన పల్చటి మజ్జిగ గుక్కగుక్కగా తాగించింది. కాస్త తేరుకున్నాక, ఇంకా నాలుగు రకాలు వండాలని నేను లేవబోతే భుజం పట్టి పడుకోబెట్టింది.

"ఎండాకాలం వంట తినేవాళ్ళని చూసి చెయ్యరమ్మాయ్, వండేవాళ్ళని చూసి చేస్తారు. మీ అమ్మ చెప్పలేదా?" అంది.

చెప్పలేదు. చేసి చూపించింది. అదంతా మాకోసం, చలవ చేస్తుందని చేసేదనుకున్నాను ఇన్నాళ్ళూ.

సాయంత్రం ఏడింటికి జనం వచ్చారు. అత్తయ్య మా వారిని పక్కన పెట్టుకుని అన్నం, ముద్దపప్పు వండించింది. ఆవకాయ, నెయ్యి, ఊరునుంచి తెచ్చిన చల్లమిరపకాయలు, పెరుగు, కోసిన మామిడిపండ్లు. వేయించినవి పన్నెండు గారెలున్నాయి, అవి పిల్లలకిచ్చింది. నేను సోఫాలో తలదించుకుని కూర్చున్నాను. ఒకాయన "అంత బాగోలేకపోతే హోటల్ నుంచి తెప్పించాల్సింది కదమ్మా" అన్నారు, మంచికే. ఆయనే మూడుసార్లు పప్పు వడ్డించుకోవటం నేను చూశాను. వంటింట్లో ఆడవాళ్ళ గుంపు లేదు, అందరూ వెనకపెరట్లో కుర్చీలేసుకుని పదకొండు దాకా కదల్లేదు. వారం తిరిగాక ఒక స్నేహితురాలు ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "మీరు అలా పెట్టారంటే మేమూ పెట్టొచ్చన్నమాట" అంది.

ఆ వేసవి అంతా వంటిల్లు అత్తయ్య చేతిలోకి వెళ్ళింది. మొదటి పోట్లాట తరవాణి దగ్గర వచ్చింది. జాడీలో గంజి, నీళ్ళు, ఉప్పు వేసి, దబ్బాకులకు బదులు పెరట్లో నిమ్మాకులు వేసి మూడు నాలుగు రోజులు పులియబెట్టింది. రాత్రి మిగిలిన అన్నం అందులో వేసి పొద్దున ఉల్లిపాయతో తినటం గోదావరి జిల్లాల్లో అలవాటు. మా వారు చిన్నపిల్లాడైపోయారు. నాకేమో బాసిల్లస్ సీరియస్ గుర్తొచ్చింది. బయట వదిలేసిన అన్నంలో పెరిగే ఈ క్రిమి వదిలే విషం ఒకటి, మళ్ళీ వేడి చేసినా పోదు. పులుపెక్కాక చాలా క్రిములు పెరగలేవు, నిజమే. పులుపెక్కే లోపలి సమయమే నా భయం.

చివరికి రాజీ కుదిరింది. వండిన అన్నం గోరువెచ్చగా ఉండగానే మెత్తగా మెదిపి, కాచిన పాలు పోసి, రెండు చెంచాల పెరుగుతో తోడుపెట్టటం. తోడు మొదటినుంచే పనిలో దిగుతుంది. తోడుకోగానే ఫ్రిజ్‌లో పెడితే, పొద్దున ఉప్పు కలిపి, పచ్చిమిరప, ఉల్లిపాయ నంజుకోవటమే. గంజిలో ఉప్పేసుకుని తాగటం మీద మాత్రం నాకు పేచీ లేదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళతో ఎందరో కలరా రోగులను బతికించారు. గ్లూకోజు పేగుల్లోంచి ఉప్పునూ నీళ్ళనూ వెంటబెట్టుకుని ఒంట్లోకి చేరుతుంది. గంజిలోని పిండిపదార్థం కడుపులో గ్లూకోజుగానే మారుతుంది. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పూ ఆవకాయా, షుగరున్నవాళ్ళు మామిడిపండూ లెక్క చూసుకోవాలి. అది మీ డాక్టరు ఎలాగూ చెబుతారు.

ముంజలు మాత్రం కుదరలేదు. దుకాణంలో థాయిలాండ్ డబ్బాల్లో పంచదార పాకంలో ఉన్నవి దొరికాయి. అత్తయ్య ఒకటి నోట్లో వేసుకుని, ఏమీ అనకుండా డబ్బా నా వైపు జరిపింది.

అక్టోబరులో ఆవిడ తిరిగి వెళ్ళిపోయింది. మోకాళ్ళ నొప్పులతో ఇప్పుడిక విమానం ఎక్కలేనంటోంది. ఏటా మే నెల రాగానే ఫోన్‌లో మొదటి ప్రశ్న, "గరాజ్‌లో పొయ్యి వెలిగించావా?" అని. లేదత్తయ్యా అంటాను. దాని మీద గుడ్డ కప్పి ఉంది, పిల్లల సైకిళ్ళు ఆనించి ఉన్నాయి. నవంబరులో కార్తీక వనభోజనాలకు తీస్తాం. అందాకా మా ఇంటికి భోజనానికి వచ్చేవాళ్ళకు ముద్దపప్పూ ఆవకాయే.