‘సర్వర్ పనిచేయడం లేదు’ అన్నప్పుడు

జీవనం రంభలో సాగుతూ, రేషన్ కార్డు మాత్రం ఇచ్ఛాపురంలోనో సోంపేటలోనో ఉన్న తెలుగు కుటుంబాలు బియ్యం కోసం స్వస్థలానికి ప్రయాణించనవసరం లేదు. ‘ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు’ విధానంలో ఒడిశా 2020 జూన్‌లో చేరింది. జాతీయ ఆహార భద్రతా చట్టం, 2013 పరిధిలోని కార్డు ఉంటే, ఏ రాష్ట్రపు చౌకధరల దుకాణంలోనైనా ధాన్యం పొందవచ్చును. అయితే దుకాణంలో తరచుగా వినవచ్చే ‘సర్వర్ లేదు, రేపు రండి’ అనే మాటతో ఒక రోజు కూలి నష్టపోయి వెనుదిరగడానికి ముందు, అవరోధం ఎక్కడ ఉన్నదో తెలుసుకొనడం అవసరం.

యంత్రం నుండి ఆధార్ వరకు

దుకాణంలోని ఈ-పోస్ యంత్రం స్వయంగా నిర్ణయమేదీ తీసుకొనదు. కార్డు సంఖ్యను, వేలిముద్రను మొబైల్ నెట్‌వర్క్ ద్వారా పంపుతుంది. కార్డు అన్యరాష్ట్రానిదైతే, దాని వివరాలు స్వరాష్ట్రపు సమాచారం నుండి రావలెను. వేలిముద్రను ఆధార్ వ్యవస్థ సరిచూస్తుంది. ఈ సమాధానాలన్నీ తిరిగి చేరిన పిదపనే యంత్రం రశీదు ఇస్తుంది. ఈ మార్గంలో ఏ మెట్టు వద్ద ఆటంకం కలిగినా, బయటకు వినబడే మాట మాత్రం ‘సర్వర్ లేదు’ అనే ఒక్కటే. కాబట్టి యంత్రం చూపిన సంఖ్యను డీలరును అడగండి. ఒడియాలో ‘ఎరర్ కోడ్ కేతే?’ అంటే చాలును.

లోపాన్ని గుర్తించే విధానం

1. ఎవరి వేలిముద్రకూ సమాధానం రాకపోతే దోషం నెట్‌వర్క్‌ది లేదా సర్వర్‌ది. కొంతసేపు ఆగి మళ్లీ ప్రయత్నించాలి.

2. ఇతరులకు పనిచేసి మీకు మాత్రం 300 అని వస్తే, వేలిముద్ర సరిపోలలేదని అర్థం, సర్వర్ పనిచేస్తున్నట్లే. వలలు, తాళ్లు లాగే చేతుల గీతలు అరిగి ఉంటాయి. చేయి కడిగి, తుడుచుకొని వేరొక వేలు ఉంచండి. కార్డులో పేరు, ఆధార్ అనుసంధానం ఉన్న కుటుంబ సభ్యులలో ఎవరు వేలిముద్ర వేసినా చెల్లుతుంది.

3. 330 వస్తే మీ వేలిముద్రలకు ఆధార్‌లో తాళం వేసి ఉన్నది. ఆధార్ యాప్‌లో దానిని తీయవచ్చును.

4. 561 లేదా 562 వస్తే, ముందుగా యంత్రంలోని తేదీ, సమయం సరిచూడమని డీలరును కోరండి.

5. కార్డే కనబడలేదంటే, అది జాతీయ చట్టం పరిధిలో లేకపోవచ్చును, లేదా ఆధార్ అనుసంధానం జరగకపోవచ్చును. దీనికి రంభలో పరిష్కారం లేదు. స్వస్థలంలోని సచివాలయంలో విచారించాలి.

అన్నింటికంటె జాగ్రత్త వహించవలసినది మరొకటి ఉన్నది. అభ్యర్థన సర్వర్‌కు చేరి, సమాధానం మాత్రం దారిలో నిలిచిపోవచ్చును. అప్పుడు సరుకు చేతికి రాకుండానే ఇచ్చినట్లు నమోదయ్యే ప్రమాదం ఉన్నది. యంత్రం మధ్యలో ఆగిపోతే, ఆ నెల లావాదేవీ నమోదైనదో లేదో ‘మేరా రేషన్’ యాప్‌లో చూడండి. నమోదై ఉంటే ఆ తేదీ, సమయం వ్రాసుకొని వెంటనే ఫిర్యాదు చేయండి.

హక్కు యంత్రంతో ఆగదు

నెట్‌వర్క్ లోపం వల్లగాని, వేలిముద్ర సరిపోలనందువల్లగాని అర్హులకు ధాన్యం నిరాకరించరాదని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరు 24న రాష్ట్రాలకు ఆదేశించింది. రేషన్ కార్డును, ఆధార్ కార్డును స్వయంగా చూపినవారికి సరుకు ఇచ్చి, ఆ వివరాన్ని ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేయవలెను. ఒడిశా కార్డు ఉన్నవారు ఈ ఆదేశాన్ని ప్రస్తావించి అడగవచ్చును. అన్యరాష్ట్రపు కార్డుపై సరుకు పొందడానికి ఆధార్ ధ్రువీకరణ అవసరం గనుక, వారు పైన చెప్పిన మెట్లను వరుసగా పరిశీలించడమే మేలు.

ప్రాధాన్య కుటుంబాలలో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు లభిస్తాయి. 2023 జనవరి 1 నుండి ఈ ధాన్యం ఉచితం. డీలరుకు రుసుము చెల్లించవద్దు; రశీదు తప్పక తీసుకోండి. ఫిర్యాదులకు 1967కు, అన్యరాష్ట్రపు కార్డు విషయమై 14445కు, ఆధార్ విషయమై 1947కు ఫోను చేయవచ్చును. దుకాణం పేరు, తేదీ, సమయం, యంత్రం చూపిన సంఖ్య ఈ నాలుగూ చెప్పగలిగితే, లోపం ఎక్కడున్నదో అధికారులు త్వరగా గుర్తించగలుగుతారు.