అరుపంతా కోపం కాదు

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డు ముందు కాసేపు నిలబడండి. లోపల కొట్లాట జరుగుతోందేమో అనిపిస్తుంది. మేస్త్రీ అరుస్తాడు, హెల్పరు అంతకంటే గట్టిగా బదులిస్తాడు. తీరా వింటే వాళ్లు మాట్లాడుకుంటున్నది రేకు కొలత గురించి! చుట్టూ గ్రైండర్ల రొద, సుత్తి దెబ్బలు ఉన్నప్పుడు మన గొంతు మనకు తెలియకుండానే లేస్తుంది. ఎటియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లో ఈ సంగతిని బయటపెట్టాడు. అందుకే దీన్ని లొంబార్డ్ ప్రభావం అంటారు. పక్షులకూ ఇది ఉంది. చిక్కల్లా వినేవాడితోనే. హెచ్చిన గొంతు కోపానికీ గుర్తే కాబట్టి, పనిలో కొత్తగా చేరిన కుర్రాడు మేస్త్రీ తనను తిట్టాడనే అనుకుంటాడు. పని తప్పు చెప్పాల్సి వస్తే మిషను ఆపించి గానీ, షెడ్డు బయటికి పిలిచి గానీ చెప్పే మేస్త్రీల దగ్గర కుర్రాళ్లు నిలుస్తారని నా నమ్మకం.

ఎండాకాలంలో బెజవాడను బ్లేజ్‌వాడ అనడం పాత అలవాటు. ఆ ఎండకూ నోటిదురుసుకూ సంబంధం ఉందా? అమెరికాలో ఫీనిక్స్ కూడా ఇలాగే మండిపోయే ఊరు. అక్కడ పచ్చలైటు పడ్డాక కూడా కారును కదలనివ్వకుండా ఆపి, వెనకున్నవాళ్లు ఎంత సేపు హారన్ కొడతారో లెక్కపెట్టారు. 1986లో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం ఎండ ముదిరేకొద్దీ హారన్ల మోతా ముదిరింది. ఏసీ లేక అద్దాలు దించుకున్న కార్లలో అది మరీ ఎక్కువ. కాబట్టి మే నెలలో జీతం కోత గురించో, బదిలీ గురించో మాట్లాడాలంటే పొద్దున్నే కూర్చోవడం మంచిది.

విజయవాడ జంక్షన్‌కు రాత్రి, పగలు తేడా లేదు. నైట్ డ్యూటీ దిగి వచ్చినవాళ్ల మీద సంజాయిషీ కాగితం పెట్టే అధికారులు ఈ సంగతి తెలుసుకోవాలి. బెదురునూ ముప్పునూ పసిగట్టే అమిగ్డలా అనే భాగాలు మెదడులో రెండున్నాయి, బాదం గింజ ఆకారంలో. ఒక రాత్రి పూర్తిగా నిద్ర లేనివాళ్లకు మనసు కలచివేసే బొమ్మలు చూపిస్తే, నిద్రపోయినవాళ్ల కంటే వాళ్ల అమిగ్డలా 60 శాతం ఎక్కువగా స్పందించిందని 2007లో తేలింది. దానికి పగ్గం వేసే నుదుటి వెనక భాగంతో లంకె కూడా సడలింది. డ్యూటీ దిగగానే అడిగిన ప్రశ్నకు ఒక జవాబు వస్తుంది, నిద్రపోయి లేచాక అడిగితే ఇంకో జవాబు వస్తుంది. మనిషి మాత్రం ఒక్కడే.

ఒకరి మాట ముగిసి రెండోవారి మాట మొదలవడానికి పట్టే వ్యవధి ఎంతో తెలుసా? సుమారు సెకనులో ఐదో వంతు. పరిశోధకురాలు తాన్యా స్టైవర్స్ బృందం పది భాషల్లో కొలిచి 2009లో ఈ లెక్క చెప్పింది. కానీ ఒక్క పదాన్ని వెతికి నోటికి తెచ్చుకోవడానికే మెదడుకు అర సెకను పైన పడుతుంది. అంటే ఎదుటివాడు ఇంకా మాట్లాడుతుండగానే మనం జవాబు వండుకుంటున్నాం! తెలుగులో ఇది మరింత ప్రమాదం, ఎందుకంటే మనకు క్రియ చివర్న వస్తుంది, కాదనడం కూడా చివర్నే తేలుతుంది. ‘ఆ సరుకు పంపించమని నేను మీతో అన్’ దాకా విన్న గుమస్తాకు, అది ‘అన్నాను’ అవుతుందో ‘అనలేదు’ అవుతుందో ఇంకా తెలియదు. అప్పటికే సేఠ్‌కు చెప్పాల్సిన సమాధానం మాత్రం నాలుక మీదికొచ్చేసి ఉంటుంది. క్రియ మనలాగే చివర్న వచ్చే జపనీస్ మాట్లాడేవాళ్లే ఆ పది భాషల్లో అందరికంటే త్వరగా బదులిచ్చారు. డేనిష్ వాళ్లది అన్నిటికంటే నిదానం. వన్ టౌన్ హోల్‌సేల్ కొట్లలో సగం గొడవలు వాక్యం పూర్తిగా వినకపోవడం వల్లే వస్తాయంటే నేను నమ్ముతాను.

కృష్ణా డెల్టాలో లస్కరుకు కాలవ గట్టే ఆఫీసు. షట్టరు ఎత్తాలా దించాలా అన్నది అతని ఉద్యోగం, పై ఊరు కింది ఊరు కలిసి అతని మీద పడటం అతని కష్టం. 1855లో ఆనకట్ట వచ్చినప్పటి నుంచీ, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక కూడా, సుమారు 13 లక్షల ఎకరాల ఈ ఆయకట్టులో వాదన ఒకటే. ‘మేం మా వంతే వాడుకున్నాం, వాళ్లే ఎక్కువ తోడుకున్నారు.’ నాగాయలంక, కోడూరు లాంటి కాలవ చివరి ప్రాంతాల రైతులు ఈ మాట ఏటా అంటూనే ఉన్నారు. నీళ్లు అందనివాళ్ల కష్టం నిజం, దాన్ని మెదడు మీదికి నెట్టెయ్యకూడదు. అయితే 2003లో లండన్‌లో చేసిన ఒక ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. ఇద్దర్ని కూర్చోబెట్టి, ఒకరి వేలిని ఒకరు మార్చి మార్చి నొక్కమన్నారు. షరతు ఒకటే: ఎదుటివాడు ఎంత బలంగా నొక్కాడో సరిగ్గా అంతే బలంగా తిరిగి నొక్కాలి. ఇద్దరూ నిజాయితీగానే నొక్కారు. అయినా ఆ బలం ప్రతి వంతుకూ సగటున మూడో వంతుకు పైగా పెరుగుతూ పోయింది. ఎదుటివాడే ఎక్కువ నొక్కుతున్నాడని ఇద్దరికీ అనిపించింది. మనం చేసే పని ఎలా తగులుతుందో మెదడు ముందే ఊహించి, ఆ స్పర్శను తగ్గించి చూపిస్తుంది. మనకు మనం చక్కిలిగిలి పెట్టుకోలేకపోవడానికి కారణం కూడా అదే. ఎదుటివాడి దెబ్బకు మాత్రం తగ్గింపు లేదు. అందుకే తగవులో ‘నేను అన్నదెంత, నువ్వన్నదెంత’ అనే లెక్క ఎప్పటికీ తెగదు. కాలవలో నిలబెట్టిన కొలబద్ద మీది అంకె తెగ్గొడుతుంది. 1997 చట్టంతో వచ్చిన నీటి వినియోగదారుల సంఘాలకు సభ్యుల మధ్య తగవులు తీర్చే బాధ్యత కూడా అప్పగించారు. సంఘం ముందు మొదట పెట్టాల్సింది ఆ అంకెనే.

ఇక చిల్లర. పండిట్ నెహ్రూ బస్టాండులో అవనిగడ్డ బస్సెక్కి పెద్ద నోటిచ్చారనుకోండి. కండక్టరు టికెట్ వెనక బాకీ అంకె రాసి, ‘దిగేటప్పుడు తీసుకోండి’ అని ముందుకెళ్లిపోతాడు. ఆ రాత లేకపోతే మీరు దారంతా అతని సంచీ వైపే చూస్తారు, అతను వెనక్కి వచ్చినప్పుడల్లా అడుగుతారు, నాలుగోసారికి ఇద్దరూ విసుక్కుంటారు. తీరని పని మనసులోకి అదే పనిగా చొరబడుతుందనీ, ఎప్పుడు ఎలా తీరుతుందో ఖాయమైతే ఆ చొరబాటు తగ్గుతుందనీ 2011లో అమెరికా పరిశోధకులు మసికాంపో, బౌమైస్టర్ చూపించారు. పని ఇంకా తీరకపోయినా సరే! ఫోన్‌తో డబ్బు కట్టే రోజులొచ్చి ఆ రాత తగ్గింది కానీ, ఆఫీసుల్లో దాని అవసరం అలాగే ఉంది. సెలవు అడిగినవాడికి ‘చూద్దాంలే’ అంటే వాడు రోజూ మీ బల్ల దగ్గరికి వస్తాడు. ‘గురువారం నాలుగింటికి చెబుతా’ అంటే గురువారం దాకా పని చేసుకుంటాడు.

ముగ్గురు బంతాట ఆడుతూ, ఇద్దరు కలిసి మూడోవాడికి బంతి వేయడం మానేస్తే? 2003లో కంప్యూటర్ మీద ఈ ఆట ఆడించి మెదడును స్కాన్ చేస్తే, ఒంటి నొప్పికి స్పందించే చోట్లలో ఒకటి చురుకైంది. రెండూ అచ్చంగా ఒకే నొప్పి కాదని తర్వాతి పరిశోధనలు సవరించాయి, ఆ సవరణను శిక్షణ తరగతుల్లో చాలామంది చెప్పరు. అయినా టీకి అందర్నీ పిలిచి ఒకర్ని వదిలేయడం చిన్న విషయం కాదు.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. ముఖం కనపడని నటుల ఏడుపుకు ఊళ్లకు ఊళ్లు కళ్లు తుడుచుకున్న రేడియో నాటకాల కాలం అది. మొహం చూస్తూ విన్నప్పటి కంటే, గొంతు మాత్రమే విన్నప్పుడు ఎదుటివారి భావాన్ని బాగా పోల్చుకుంటామని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ క్రాస్ 2017లో తేల్చాడు. రాత సంగతి అందుకు పూర్తిగా విరుద్ధం. ఒక ప్రయోగంలో, ఈమెయిల్లో రాసిన మాట వ్యంగ్యమో కాదో 78 శాతం సార్లు తెలిసిపోతుందని రాసినవాళ్లు అనుకున్నారు, చదివినవాళ్లు 56 శాతమే సరిగ్గా చెప్పారు. అది బొమ్మా బొరుసూ వేయడానికి దగ్గర దగ్గర. వాట్సాప్‌లో ‘సరే’ అన్న ఒక్క మాట చూసి మండిపోయే ముందు ఒక్క ఫోన్ చేయండి.

సియాటిల్‌లో మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ భార్యాభర్తల వాదనలను ఏళ్ల తరబడి కొలిచాడు. గుండె నిమిషానికి 100 సార్లు దాటి కొట్టుకుంటున్నప్పుడు ఎదుటివాడి మాట బుర్రకెక్కదని ఆయన అంటాడు. ఆఫీసు తగవుకూ ఇది వర్తిస్తుంది, గుండె ఒకటే కదా. ఒక ప్రయోగంలో పరికరం చెడిపోయిందన్న సాకుతో వాదన ఆపి, కాసేపు పత్రికలు చదువుకోమన్నారు. తిరిగి మొదలెట్టేసరికి గుండె వేగం తగ్గింది, మాట తీరూ మారింది. విరామం ఇరవై నిమిషాలకు తగ్గకూడదు. ఆ సేపట్లో టీ కొట్టు దగ్గర నిలబడి, ‘వాడు నన్ను ఎంత మాటన్నాడో చూశావా’ అని పక్కవాడికి ఏకరువు పెడుతుంటే మాత్రం గుండె దిగదు.