కడలిని వినిపించిన గాయకులు

తాండూరు బండలు పరచిన వసారాలో నడిచే విద్యార్థి సముద్రపు అడుగున నడుస్తున్నాడని చెబితే అతిశయోక్తి అనిపించవచ్చును. కాని భూగర్భశాస్త్రం చెప్పేది అదే. భీమా పరీవాహక ప్రాంతంలో ఎన్నో కోట్ల సంవత్సరాల క్రిందట లోతు తక్కువైన సముద్రం ఒకటి ఉండేది. దాని అడుగున సున్నపు బురద పొర మీద పొరగా పేరుకొని, గట్టిపడి, రాయి అయినది. అందువల్లనే ఆ రాయి గనిలో పలకలు పలకలుగా విడివడుతుంది. నీలి రంగున, పసుపు రంగున అది మన ఇండ్లకూ బడులకూ నేల అయినది. ఇక ప్రక్కనే వికారాబాదు వద్ద అనంతగిరిలో పుట్టిన మూసీ తూర్పుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. తాండూరు మీదుగా సాగే కాగ్నా పడమరగా పోయి భీమానది ద్వారా ఆ కృష్ణలోనే కలుస్తుంది. వీపు వీపు ఆనించి విడిపోయిన రెండు ఏళ్ళు హంసలదీవి వద్ద ఒకే కడలిని చేరుతున్నాయన్నమాట.

అయినా ఈ సీమలోని పిల్లవానికి సముద్రం పాఠంలోనిదే గాని కండ్లతో చూచినది కాదు. చూడనిదానిని అనుభవానికి తేగల శక్తి పటానికి కొంత, చిత్రానికి కొంత ఉన్నది. పాటకు అంతకంటె ఎక్కువ ఉన్నది. అయితే ఒక్క పాట అలను చూపగలదేమో గాని సముద్రాన్ని చూపలేదు. దానికి ఒక దారాన గుచ్చిన పాటల వరుస కావలెను. ఇటువంటి ప్రయత్నం పాశ్చాత్య దేశంలో ఒకటి, మన భాషలో ఒకటి నాకు ప్రక్కప్రక్కన పెట్టి చూడదగినవిగా కనబడుతున్నాయి. కాలంలో వాటి మధ్య నూరేండ్లకు పైబడిన ఎడం ఉన్నది. సంప్రదాయంలో ఉన్న ఎడం ఇంకా పెద్దది.

మొదటిది సారా బ్రైట్‌మన్ అనే ఆంగ్ల గాయని 1993లో వెలువరించిన ‘డైవ్’ అనే పాటల సంపుటి. ఆమె 1986లో లండన్‌లో ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’ సంగీత నాటకంలో నాయిక క్రిస్టీన్ పాత్ర ధరించి పేరు పొందినది. తారస్థాయిలో తేలికగా విహరించే ఆ గొంతును ‘సొప్రానో’ అంటారు. శాస్త్రీయ శిక్షణ పొందిన ఆ గొంతుతో ఆమె పాప్ పాటలు పాడ పూనుకొన్నది. ‘డైవ్’ అనగా నీటిలోనికి మునక. జర్మనీకి చెందిన ఫ్రాంక్ పీటర్సన్ దానిని నిర్మించినాడు. ఓడలు, ద్వీపాలు, అగ్రములు, తుపానులు, నావికులు — ఇదే ఆ సంపుటి ప్రపంచం. అన్నీ కొత్త పాటలు కావు. ప్రోకోల్ హారమ్ బృందం 1969లో పాడిన ‘ఎ సాల్టీ డాగ్’ అనే నావికగీతం ఇందులో మళ్ళీ వినబడుతుంది. కొత్తవీ పాతవీ కలిపి ఒకే నీటిలో ముంచి తీసినారు. ఆ సంపుటి విశేషం అక్కడ ఉన్నది.

అందులో ‘కెప్టెన్ నీమో’ పాట కూడ పూర్వం ఒక స్వీడన్ బృందం పాడినదే. నీమో ఎవరో మన ఉపాధ్యాయులకు చెప్పనక్కర లేదు. జూల్ వెర్న్ 1870లో ప్రకటించిన నవలలో జలాంతర్గామి నాటిలస్‌కు అధిపతి. ఆయన పుట్టుక రహస్యం మాత్రం 1875లో ‘ది మిస్టీరియస్ ఐలండ్’ అనే మరొక నవలలో గాని బయటపడదు. ఆయన బుందేల్‌ఖండ్ రాకుమారుడు డక్కర్. 1857 తిరుగుబాటులో సర్వస్వం కోల్పోయి సముద్రగర్భం చేరిన భారతీయుడు! పాశ్చాత్య గాయని పాడిన కడలి పాటలో మనవాడొకడు దాగి ఉన్నాడన్న మాట తరగతిలో చెప్పి చూడండి. నిద్రపోయేవాడు కూడ లేచి కూర్చుంటాడు.

జలాంతర్గామి ప్రస్తావన వచ్చినది గనుక మరొక మాట. వికారాబాదు జిల్లా పూడూరు మండలంలోని దామగుండం అడవిలో నౌకాదళం వారి రేడియో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగినది. మునిగి ఉన్న జలాంతర్గాములకు వార్తలు పంపడానికి అతి తక్కువ పౌనఃపున్యం గల తరంగాలు కావలెను; ఉప్పునీటిలోనికి కొంత లోతు చొరబడేవి అవే. సెకనుకు 3 వేల నుండి 30 వేల కంపనాలు వాటి పరిధి. మన చెవి వినగల ధ్వని పరిధి 20 నుండి 20 వేల కంపనాల వరకు. అంకెలు చాలవరకు కలుస్తున్నవి గాని అవి విద్యుదయస్కాంత తరంగాలు, ఇవి గాలి కదలికలు. విద్యార్థులు రెంటినీ కలిపివేయరాదు. ఆ అడవికి, మూసీ పుట్టుకకు ఏమగునో అన్న ఆందోళన స్థానికంగా రేగినది. అది వేరొక వ్యాసానికి తగిన విషయం.

ఇక మనది. త్యాగరాజస్వామి (1767–1847) తిరువయ్యారులో, కావేరి ఒడ్డున ఉండి తెలుగులో రచించిన ‘ప్రహ్లాద భక్తి విజయం’ అయిదు అంకాల గేయనాటకం. నలభైకి పైగా కీర్తనలు, వాటి నడుమ కందాలు, సీసాలు, ద్విపదలు. ప్రహ్లాదుని కథ అనగానే మనకు స్తంభము, గర్జన, నరసింహుడు తలపుకు వస్తారు. ఈ నాటకంలో అవేవీ లేవు. పోతన భాగవతంలో తండ్రి పెట్టించిన అనేక బాధలలో ఒకటిగా గడచిపోయే సముద్రపాతం ఇక్కడ కథకు ఆరంభం. నాగపాశాలతో కట్టి కడలిలోనికి త్రోసిన బాలుని సముద్రుడు ఆదరిస్తాడు. గరుడుడు రాగా పాశాలు వీడిపోతాయి. అక్కడినుండి నాటకమంతా హరిదర్శనం కొరకు ఆ బాలుడు పడే ఆర్తి.

సముద్రుడు ఇందులో ఒక పాత్ర, మాటలాడుతాడు, పాడుతాడు. రామాయణంలో సముద్రుడు దారి ఇవ్వక రాముని కోపానికి గురి అయినవాడు. ఇక్కడ అతడే ముంచవలసిన బాలుని ఒడిలో పెట్టుకొన్న పెద్దదిక్కు. మన సాహిత్యంలో సముద్రాన్ని వర్ణించిన వారు కోకొల్లలు. ప్రబంధాలలో అది విధిగా ఉండవలసిన వర్ణన. కాని సముద్రునికి ఇంత దయగల గొంతునిచ్చి పాడించినవారు అరుదని నా అభిప్రాయం. ప్రహ్లాదుడు ఆ సముద్రునికి వందనం చేసే కీర్తన తోడిరాగంలో ఉన్నది. ఆ రాగపు బరువు తెలిసినవారికి అది ఎంత తగిన ఎంపికో వేరుగా చెప్పనక్కర లేదు.

త్యాగరాజస్వామిదే మరొక గేయనాటకం ‘నౌకా చరిత్రము’. అది యమునానదిలో గోపికల పడవ కథ; సముద్రం కాదు. అయినా శాస్త్రీయ విద్వాంసుడు జనసామాన్యపు గొంతుకు ఎంత దగ్గరగా రాగలడో చూపడానికి దానిని మించిన సాక్ష్యం లేదు. అందులోని పున్నాగవరాళి పాట ‘గంధము పుయ్యరుగా’ కచేరీ విడిచి, ఇండ్లలో ఆడవారి పాట అయినది. ఈనాడు పాప్ అన్న మాటకు అర్థం జనం నోటికెక్కుటయే అయితే, ఆ పాటకు అప్పుడే ఆ గౌరవం దక్కినది.

అయితే దారం మాత్రం తెగిపోయినది. కల్యాణిలోని ‘వాసుదేవయని’ నేడు సభలలో విస్తారంగా పాడే కీర్తన. ప్రేక్షకులు తలలూపుతారు. అది నాటకారంభంలో ద్వారపాలకుడు రంగం మీదికి వచ్చేటప్పటి ప్రవేశగీతమన్న సంగతి వారిలో ఎందరికి స్ఫురిస్తుంది? రీతిగౌళలోని ‘నన్ను విడచి’ కూడ అంతే. అది ప్రహ్లాదుడు హరితో పడే వేడుకోలు. అందులో పిలుపు మాత్రం రాముని పేరిట ఉన్నది. నరసింహావతారం ముందు, రామావతారం తరువాత గదా అని చరిత్రోపాధ్యాయుడు అడిగితే అడగవచ్చును. త్యాగరాజస్వామికి హరి అంటే రాముడే, వరుసతో ఆయనకు పని లేదు. ఈ చమత్కారం నాటకం తెలిసినవారికే అందుతుంది. విడిగా వినేవానికి అది మరొక రామకీర్తన మాత్రమే. ‘డైవ్’ గతి కూడ దాదాపు ఇంతే. నేడు పాటలను ఒక్కొక్కటిగా ఏరుకొని వినే అలవాటు వచ్చినది. నీమో పాట విన్నవాడు దానికి ముందూ వెనుకా ఏ సముద్రం ఉన్నదో వెదకడు.

బడిలో దీనికి కొంత ఉపాయం ఉన్నది, వ్యయమూ తక్కువే. సప్తమస్కంధ కథ పాఠం వచ్చిన వారంలో ఈ నాటకపు కీర్తనలను కొన్నిటిని వరుస తప్పకుండ వినిపించవచ్చును. ముందుగా సౌరాష్ట్రంలోని ‘శ్రీ గణపతిని’ అనే ప్రార్థన, ఆ తరువాత ద్వారపాలకుని ప్రవేశం, తరువాత తోడిలో సముద్రవందనం, పిదప రీతిగౌళ వేడుకోలు, చివర మళ్ళీ సౌరాష్ట్రంలోనే ‘నీ నామరూపములకు’ అన్న మంగళం. ప్రతి పాటకు ముందు పాడుతున్నది ఎవరో, ఎవరితోనో ఒక్క వాక్యంలో చెబితే చాలును. సంగీతం రాని ఉపాధ్యాయుడు కూడ ఈ పని చేయగలడు. తాండూరు వైపు బడి అయితే పిల్లలను బల్లల మీద గాక బండల మీదనే కూర్చోబెట్టి వినిపించడం మేలు.