మా ఇంట్లో నాలుగు నవలలు

మీ ఇంట్లో ఇప్పుడు ఎవరేం చదువుతున్నారు? మా లెక్క ఇదీ!

నాన్నగారు యండమూరి 'అభిలాష'లో మునిగారు. 1983లో చిరంజీవి హీరోగా సినిమా అయిన నవలే. అమ్మ చేతిలో యద్దనపూడి 'మీనా'. 1973లో విజయనిర్మల డైరెక్ట్ చేశారు. నా వంతు 'జీవన తరంగాలు'. అదీ ఆ ఏడే తెరకెక్కింది.

మరి నాయనమ్మ? చూపు ఆనక ఏడాదిగా పుస్తకం ముట్టలేదు. అందుకే రాత్రి భోజనాలయ్యాక 'సెక్రటరీ' నేనే పైకి చదువుతున్నా.

"1976 సినిమాలో రాజశేఖరం నాగేశ్వరరావే కదా నాయనమ్మా?" అన్నాను.

"నా రాజశేఖరం వేరేలే! సినిమాకి ముందే చూసేశానే" అంది, సిగ్గుపడుతూ.

ఎలా ఉంటాడో మాత్రం ఇంకా చెప్పలేదు!

మీ ఇంట్లోనూ ఎవరైనా పుస్తకం మూసేసి కూర్చున్నారేమో, ఈ రాత్రే అడిగి చూడండి.