మూత్రపిండములోని కంతులు – సి.టి. పరీక్ష

పాకాల చెంతనున్న దామలచెరువు మామిడికాయల మండీలో సరుకు కొనువారు కాయ రంగును చూతురు, చేతితో అదిమి చూతురు, వాసన చూతురు. కాని టెంకలో పురుగు దాగియున్నచో ఈ పరీక్షలేవియు పనికిరావు. కాయను కోసినగాని తెలియదు. మూత్రపిండములో కంతి ఏర్పడినపుడు వైద్యునికి కలుగు చిక్కు కూడ ఇట్టిదే. మూత్రపిండములు వెన్నెముకకు ఇరుప్రక్కల, కడుపు వెనుకభాగమున దాగియుండును. కంతి చేతికి తగులునంతగా పెరుగువరకు వేచియుండుట అపాయకరము. కనబడిన ప్రతి కంతిని కోసి చూచుటయు తగదు. ఏలయన వీనిలో అధికభాగము హాని చేయని నీటితిత్తులే. యాభై యేండ్లు దాటినవారి మూత్రపిండములలో ఇవి సర్వసాధారణముగ కనబడుచుండును.

నేడు ఈ కంతులు చాలవరకు అనుకోకుండ బయటపడుచున్నవి. కడుపునొప్పికో, రాళ్లకో అల్ట్రాసౌండు పరీక్ష చేయించుకొన్నవానికి “మూత్రపిండములో ఒక గడ్డ ఉన్నది” అని తెలియును. ఇంటిల్లిపాదిని కాన్సరు భయము పట్టుకొనును. పాకాల కూడలిలో రైలెక్కి కొందరు తిరుపతికి పోవుదురు. అచ్చట శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ 1993 నుండి పనిచేయుచున్నది. మరికొందరు చిత్తూరు మీదుగా కాట్పాడి చేరి, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి పోవుదురు. ఎచ్చటికి పోయినను, గడ్డ స్వభావమును తేల్చుటకు వైద్యులు ముఖ్యముగ ఆధారపడునది సి.టి. పరీక్ష. అది ఏమి చూపును? ఎంతవరకు చూపును?

నీడలనుండి చిత్రము

మామూలు ఎక్స్ కిరణ చిత్రములో ముందు వెనుకలనున్న భాగముల నీడలన్నియు ఒకదానిపై నొకటి పడును. సి.టి. యంత్రములో కిరణములను వెదజల్లు గొట్టము రోగి చుట్టును తిరుగుచు, అనేక దిక్కులనుండి కొలతలు తీసికొనును. ఈ కొలతలనుండి లోపలి చిత్రము ఎట్లు వచ్చునో తరగతిలో ఒక చిన్న లెక్కతో చూపవచ్చును.

నాలుగు గడుల చదరములో పై వరుస మొత్తము 8, క్రింది వరుస 12, ఎడమ నిలువు 7, కుడి నిలువు 13 అనుకొనుడు. పై వరుసలో 2, 6. క్రింది వరుసలో 5, 7 ఉండవచ్చును. 1, 7, 6, 6 ఉన్నను మొత్తములు అవే! ఎడమ పైమూలనుండి కుడి క్రిందిమూలకు గల మొత్తము 9 అని కూడ తెలిసినచో మొదటిదే సరియైనదని తేలును. దిక్కులు పెరిగినకొలది సందేహము తగ్గును. యంత్రము ఇట్టి లెక్కను లక్షలాది గడులకు చేయును.

గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన యంత్రముతో 1971లో లండనులో మొదటి రోగిని పరీక్షించిరి. అతనికిని, అలన్ కార్మాక్‌కును 1979లో నోబెల్ బహుమానము లభించెను. 1971లోనే మన దేశపు శాస్త్రజ్ఞులు జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ ఈ లెక్కను త్వరగ సాధించు పద్ధతి నొకదానిని ప్రకటించిరి. తరువాతి యంత్రములలో అది విరివిగ వాడుకలోనికి వచ్చినది.

సంఖ్యలు చెప్పు సంగతులు

ప్రతి గడికి వచ్చు విలువను హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో చెప్పుదురు. నీరు కిరణములను అడ్డగించు శక్తికి సున్న. అంతకన్న వేయింట ఎన్ని వంతులు ఎక్కువగా అడ్డగించిన అంత ధనసంఖ్య, తక్కువైన ఋణసంఖ్య. గాలి దాదాపుగా అడ్డగింపదు. కావున దాని విలువ ఋణ 1000. క్రొవ్వు విలువ సుమారు ఋణ 100.

కంతిని గూర్చి వైద్యుడు మూడు ప్రశ్నలు వేయును. మొదటిది: అందులో క్రొవ్వు కలదా? స్పష్టమైన ఋణసంఖ్యలు కనబడినచో అది చాలవరకు క్రొవ్వు, రక్తనాళములు, కండరములతో కూడిన కాన్సరు కాని కంతి. అయినను పెద్దదైనచో రక్తస్రావము కాగలదు, కనుక గమనించుచుండవలెను. రెండవది: అది నీరేనా? విలువ 20కి మించక, గోడ పలుచగ, నునుపుగ ఉన్నచో అది మామూలు నీటితిత్తి.

మూడవది ముఖ్యమైనది: కంతిలోనికి రక్తము ప్రవహించుచున్నదా? దీనిని తెలిసికొనుటకు ముందొకసారి చిత్రము తీసి, నరములోనికి అయోడిన్ గల మందు నెక్కించి, సుమారు 100 సెకనుల పిమ్మట మరల తీయుదురు. రక్తముతో పాటు అయోడిన్ చేరినచోట విలువ పెరుగును. ఒక కంతి విలువ ముందు 70, తరువాత 72 అనుకొనుడు. 70 చూచి గట్టి గడ్డయని భ్రమపడవచ్చును. కాని పెరుగుదల లేదు. అది పాతరక్తము నిలిచిన తిత్తి కావచ్చును. మరియొకటి 32 నుండి 84కు పెరిగినది. అది రక్తప్రసారము గల గట్టి గడ్డ. 20 యూనిట్లకు మించిన పెరుగుదలను నిశ్చితముగ ఎంచుదురు. చుట్టునున్న మూత్రపిండము మెరయుటవలన చిన్న తిత్తులలో కూడ విలువ కొంత పెరిగినట్లు కనబడును. కావున స్వల్పభేదమును నమ్మరాదు.

తిత్తులను తరగతులుగ విభజించు పద్ధతిని మోర్టన్ బాస్నియాక్ అను అమెరికా వైద్యుడు 1986లో ప్రకటించెను. 2019లో దానిని సవరించిరి. మొదటి రెండు తరగతులకు చికిత్స అక్కరలేదు. రెండవదానికిని మూడవదానికిని నడుమనున్నవానిని కొన్ని యేండ్లపాటు మరల మరల పరీక్షింతురు. మూడవ తరగతిలో సుమారు సగము, నాల్గవ తరగతిలో అత్యధికభాగము కాన్సరుగా తేలును.

పరీక్షకు గల హద్దులు

రక్తప్రసారము కలదన్నంతమాత్రమున కాన్సరు అని తీర్పు చెప్పరాదు. ఆంకోసైటోమా అను కంతి కాన్సరు కాకపోయినను సి.టి.లో అచ్చముగ కాన్సరువలెనే కనబడగలదు. క్రొవ్వు మిక్కిలి తక్కువగ గల కంతులును అట్లే మోసపుచ్చును. 4 సెంటీమీటర్లకు లోబడిన గట్టి గడ్డలను తీసివేసి పరీక్షించినపుడు సుమారు ఐదింట ఒకటి నిరపాయకరమని తేలుచుండును. అందుచేతనే కొందరికి సూదితో చిన్నముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూతురు. మరికొందరికి ఎం.ఆర్.ఐ. చేయుదురు.

మూత్రపిండముల పనితీరు తగ్గినవారు, అయోడిన్ మందు పడనివారు, గర్భిణులు ఆ సంగతిని పరీక్షకు ముందే వైద్యునికి చెప్పవలెను. ఎక్స్ కిరణముల మోతాదును కూడ గుర్తుంచుకొని, అవసరము లేనిదే పరీక్షను మరల మరల కోరరాదు. మొదటి పరీక్ష చిత్రములను భద్రపరచుకొనుట మేలు. కంతి పెరిగినదా, లేదా అనుటకు ఆ పాత కొలతయే ఆధారము.

గడ్డ అన్న మాట వినినంతనే కాన్సరని కుంగిపోవుట తగదు. నొప్పిలేదు గదా యని, మూత్రములో రక్తము పడినను ఊరకుండుట అంతకన్న తగదు. కాన్సరు చిన్నదిగ ఉన్నపుడే తెలిసినచో, చాలమందికి మూత్రపిండమును పూర్తిగ తీయకుండ ఆ భాగమును మాత్రమే తీసివేయ వీలగును. భయపడి దాచుటకన్న కొలిచి తెలిసికొనుట మేలు.