తొలి జీతం, నాలుగు సంతకాలు

సంపాదన మొదలైన ఏడాదే పాలసీ, కార్డు, యాప్, ష్యూరిటీ కాగితాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి పడతాయి. కొత్త ఉద్యోగి డబ్బు పాఠాలు మొదలుపెట్టాల్సింది అక్కడే

జనవరిలో ఆఫీసు నుంచి ఓ మెయిల్ వస్తుంది. పన్ను మినహాయింపు కావాలంటే పెట్టుబడుల రుజువులు నెలాఖరులోగా ఇవ్వాలి. ఉద్యోగంలో చేరి ఆరేడు నెలలైన కుర్రాడి దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. ఇంటికి ఫోన్ చేస్తాడు. "బాబాయికి చెబుతాలే, ఆయన చూసుకుంటాడు" అని నాన్న భరోసా ఇస్తాడు. ఆదివారం బాబాయి రానే వస్తాడు. ఆయనది బడిపంతులు ఉద్యోగం, ఏజెన్సీ మాత్రం పిన్ని పేరు మీద ఉంటుంది. పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టిన ఏడెనిమిది చోట్ల సంతకాలు అయిపోతాయి. ఏ పాలసీ, ఎన్నేళ్లు కట్టాలి, మధ్యలో మానేస్తే ఏమవుతుందని కుర్రాడు అడగడు. అడిగితే బాబాయిని అనుమానించినట్లవుతుందని మొహమాటం. కాఫీ తాగి ఆయన లేచేసరికి ఏడాదికి రూ. 50,000 చొప్పున 20 ఏళ్ల బాధ్యత కుర్రాడి నెత్తిన పడి ఉంటుంది.

ఇది తెలుగు ఇళ్లలో మాత్రమే కనిపించే దృశ్యం కాదు. ముంబైలోనో పుణెలోనో అయితే బాబాయి స్థానంలో బ్యాంకు రిలేషన్‌షిప్ మేనేజర్ ఉంటాడు, అంతే తేడా. జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం 2019లో జరిపిన సర్వేలో ఆర్థిక అక్షరాస్యత ఉన్నట్లు తేలినవారు 27 శాతమే. అంటే నలుగురిలో దాదాపు ముగ్గురు వడ్డీ, బీమా, పెట్టుబడుల మౌలిక విషయాల దగ్గరే తడబడుతున్నారు. కాలేజీలో కాలిక్యులస్ లెక్కలు అవలీలగా చేసినవాళ్లు కూడా ఈ ముగ్గురిలో ఉండొచ్చు. వారికి చక్రవడ్డీ సూత్రం తెలుసు. అది తమ పాలసీకి కూడా వర్తిస్తుందని ఎవరూ చెప్పలేదు.

గత తరానికి ఈ చదువు లేకపోయినా గడిచిపోయింది. పెన్షనుండే ఉద్యోగాలవారు ఖాతాలో ఏముందో చూసుకోకపోయినా ముసలితనం వెళ్లిపోయేది. 2004 జనవరి 1 తర్వాత చేరిన కేంద్ర ఉద్యోగులకు ఆ భరోసా పోయింది. అదే ఏడాది సెప్టెంబరు నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా కంట్రిబ్యూటరీ పెన్షన్‌కు మారింది. ప్రైవేటు ఉద్యోగికి మొదటి నుంచీ పీఎఫ్ తప్ప పెద్ద దిక్కు లేదు. రిటైర్మెంటు బాధ్యతను రాజ్యం వ్యక్తి భుజానికి మార్చింది. మోసే పద్ధతి నేర్పడాన్ని మాత్రం బీమా ఏజెంట్లకూ యాప్‌ల ప్రకటనలకూ వదిలేసింది.

బాబాయి పాలసీ దగ్గరికే మళ్లీ వద్దాం. అది మోసమేమీ కాదు. రక్షణ, పొదుపు రెండూ కలిసిన ఎండోమెంట్ పాలసీ. చిక్కల్లా రెండూ అరకొరగానే దొరకడం. ఇలాంటి పాలసీల్లో రాబడి సాధారణంగా 5 నుంచి 6 శాతం మధ్య ఉంటుంది. ఏటా రూ. 50,000 చొప్పున 20 ఏళ్లు కడితే ఐదున్నర శాతం లెక్కన రూ. 18.4 లక్షల దాకా వస్తాయి. అదే సొమ్మును 7.1 శాతం వడ్డీతో పీపీఎఫ్‌లో వేస్తే (ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో ఆ రేటుకు తగ్గించింది) రూ. 22 లక్షలు దాటుతుంది. తేడా దగ్గర దగ్గర రూ. 4 లక్షలు. ఇక రక్షణ సంగతి. ఈ ప్రీమియానికి దొరికే బీమా మొత్తం రూ. 10 లక్షల చుట్టుపక్కల ఉంటుంది. పొగ తాగని పాతికేళ్ల యువకుడికి కోటి రూపాయల టర్మ్ పాలసీ ఏడాదికి సుమారు పది, పన్నెండు వేలకే దొరుకుతుంది. ఏమీ కాకపోతే టర్మ్ పాలసీలో పైసా తిరిగి రాదు. ఆ ఒక్క మాట చాలు, తెలుగు మధ్యతరగతి దాన్ని వద్దనడానికి. 'కట్టిన డబ్బు పోతుందా?' అన్న ప్రశ్నకు ఏజెంటు కూడా నొచ్చుకున్నట్లు మొహం పెడతాడు. ఎండోమెంట్ పాలసీల తొలి ఏడాది ప్రీమియంలో 35 శాతం దాకా కమిషన్ ఇవ్వడానికి చట్టమే చాలాకాలం వీలు కల్పించిందన్నది అక్కడ ప్రస్తావనకు రాదు.

పన్ను ఆదా అన్న వాదనకూ ఇప్పుడు పెద్దగా బలం లేదు. 80సీ సెక్షన్ 2005లో ప్రస్తుత రూపంలో వచ్చిన తర్వాత ఏటా జనవరి, మార్చి మధ్య పాలసీలు అమ్ముడుపోవడానికి అదే ప్రధాన సాకు అయ్యింది. 2023-24 నుంచి కొత్త పన్ను విధానమే అందరికీ వర్తించే విధానమైంది. కావాలని పాతదాన్ని ఎంచుకుంటే తప్ప ఆ మినహాయింపు ఉండదు. 2025-26 నుంచి కొత్త విధానంలో రూ. 12.75 లక్షల దాకా జీతం ఉన్నవారికి పన్నే పడదు. కొత్తగా చేరిన ఉద్యోగుల్లో చాలామంది జీతం ఇంతకంటే తక్కువే. లేని పన్నును ఆదా చేయడానికి 20 ఏళ్ల పాలసీ తీసుకోవడమంటే గొడుగు అద్దెకు తెచ్చుకుని ఎండాకాలమంతా ఇంట్లో కూర్చోవడమే.

సంతకం పెట్టేశాక ఏం చేయాలి? బాండు చేతికందిన 30 రోజుల్లోగా కారణం చెప్పి వెనక్కి ఇచ్చేయొచ్చు. స్వల్ప కోతలు పోను డబ్బు తిరిగి వస్తుంది. గతంలో కాగితం బాండ్లకు 15 రోజులే ఉన్న ఈ గడువును బీమా నియంత్రణ సంస్థ 2024లో పెంచింది. ఏడాది కట్టి మానేసినవారికి పైసా కూడా దక్కని పాత పరిస్థితీ 2024 అక్టోబరు నుంచి కొంత మారింది. గడువు దాటినవారు కట్టడం ఆపాలా, కొనసాగించాలా అన్నది పాలసీని బట్టి లెక్క వేసుకోవాలి. బాండు విప్పి చదవనిదే ఆ లెక్క తేలదు. చాలా ఇళ్లలో అది ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా బీరువాలోకి వెళ్తుంది.

రెండో సంతకం అమెజాన్‌లో ఫోన్ కొన్నప్పుడో, మాల్‌లో స్టాల్ దగ్గరో పడుతుంది. క్రెడిట్ కార్డు చెడ్డదేమీ కాదు. గడువులోగా బిల్లు మొత్తం కట్టేవారికి అది దాదాపు నెలన్నర వరకు వడ్డీ లేని అప్పు. బిల్లుపై 'కనీసం కట్టాల్సిన మొత్తం' అని అచ్చయ్యే వరుసతోనే తంటా. రూ. 40,000 బాకీకి రూ. 2,000 కట్టమంటారు. కుర్రాడు కట్టేసి హమ్మయ్య అనుకుంటాడు. నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ రూ. 1,400, దానిపై 18 శాతం జీఎస్టీ రూ. 252. అసలులో తగ్గేది రూ. 348. పైగా బాకీ ఉన్నన్నాళ్లు కొత్తగా కొన్న ప్రతి వస్తువుకూ కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. సాలుకు 42 శాతం వడ్డీ అంటే ఊళ్లో నెలకు నూటికి మూడున్నర రూపాయలన్నమాట. నూటికి మూడు రూపాయలు అడిగిన వడ్డీ వ్యాపారిని ఊరు పీనాసి అంటుంది. కార్డు మీద అదే రేటు ప్లాటినం అనిపించుకుంటుంది.

యాప్ దగ్గర సంతకం కూడా అక్కర్లేదు, 'అనుమతిస్తున్నాను' అని వేలితో నొక్కితే చాలు. 2020 చివరలో తెలంగాణలో జరిగిన వరుస ఆత్మహత్యలతో ఈ వ్యవహారం బయటపడింది. లాక్‌డౌన్‌లో ఆదాయం పోయినవారు కొద్దివేల కోసం ఈ యాప్‌లను నమ్ముకున్నారు. ముందే కోతలు పోగా చేతికొచ్చేది తక్కువ, వారం పది రోజుల్లోనే మొత్తం కట్టాలి. కట్టకపోతే ఫోన్లోని నంబర్లన్నిటికీ 'ఫలానావాడు దొంగ' అంటూ సందేశాలు వెళ్లేవి. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్లపై దాడులు చేసి పలువురిని అరెస్టు చేశారు. ఆ తర్వాత 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిబంధనలు తెచ్చింది. అప్పు నేరుగా తీసుకున్నవారి ఖాతాలోనే పడాలి, ఏడాదికి మొత్తం ఖర్చు ఎంత శాతమో ముందే ఓ పత్రంలో రాసివ్వాలి, ఫోన్‌లోని కాంటాక్టులను ముట్టుకోకూడదు, మనసు మారితే కొద్దిరోజుల్లో జరిమానా లేకుండా వెనక్కి కట్టేసే అవకాశం ఉండాలి. ఇవన్నీ నమోదైన సంస్థలకే వర్తిస్తాయి. అప్పు ఇస్తున్నది ఏ బ్యాంకో, ఏ ఫైనాన్స్ కంపెనీయో పేరు కనిపించని యాప్‌కు ఈ నిబంధనలతో పనే లేదు.

అన్నిటికంటే కష్టమైనది నాలుగో సంతకం. అది తన అప్పు కోసం చేసేది కాదు. తెలుగువారి పొదుపు చరిత్రలో చీటీకి ప్రత్యేక స్థానం ఉంది. పెళ్లిళ్లు, ఫీజులు, ఇంటి స్లాబులు దానిమీదే గట్టెక్కాయి. 1982 నాటి చట్టం కింద రిజిస్టరైన చీటీ చాలామందికి బ్యాంకు ఇవ్వని అప్పు, బ్యాంకు అలవాటు చేయలేని క్రమశిక్షణ. నిర్వాహకుల కమిషన్ 2019 సవరణతో 5 నుంచి 7 శాతానికి పెరిగినా దానికి గిరాకీ తగ్గలేదు. అయితే చీటీ పాడుకున్నవారు డబ్బు తీసుకోవాలంటే జీతగాళ్ల ష్యూరిటీ కావాలి. ఇంట్లో కొత్తగా జీతం అందుకుంటున్నదెవరు? మావయ్య జీతం సర్టిఫికెట్ తెమ్మంటాడు, "ఊరికే ఫార్మాలిటీరా" అంటాడు. నెలకు రూ. 10,000 చొప్పున 50 నెలల చీటీని పదో నెలలో పాడుకుంటే మిగిలేది రూ. 4 లక్షల వాయిదాలు. హామీ ఇచ్చినవారి బాధ్యత అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానమని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 128వ సెక్షన్ చెబుతుంది. మావయ్యను ముందు అడిగి, ఆయన దగ్గర రాకపోతేనే అల్లుడి దగ్గరికి రావాలన్న నియమమేదీ అందులో లేదు. బ్యాంకు రుణానికి హామీ ఇస్తే అది ఆ కుర్రాడి క్రెడిట్ రిపోర్టులోనూ కనిపిస్తుంది. రేపు సొంత ఇంటి రుణానికి వెళ్లినప్పుడు ఎదురుపడేది అదే. కాదనడం ఎలాగన్నది ఏ పుస్తకమూ నేర్పదు. "ష్యూరిటీ పెట్టలేను, కావాలంటే ఈ నెల ఇరవై వేలు సర్దుతాను" అన్న మాటతో చాలా కుటుంబాల్లో బంధుత్వాలు నిలిచాయి. ఆ ఇరవై వేలు తిరిగి రాకపోయినా నష్టం అంతటితో ఆగుతుంది.

బంధుత్వాలనూ పరిచయాలనూ నమ్ముకోవడం ఎంత దూరం తీసుకెళ్తుందో తెలుగువారికి ఎవరూ చెప్పక్కర్లేదు. 2001లో సికింద్రాబాద్‌లో కృషి సహకార బ్యాంకు మూతపడింది. అదే ఏడాది జూలైలో యూటీఐ తన యూఎస్-64 యూనిట్ల అమ్మకాలు, కొనుగోళ్లు ఆపేసి దేశమంతటా మధ్యతరగతికి దిగ్భ్రాంతి కలిగించింది. అగ్రిగోల్డ్ సంక్షోభంలో సుమారు 32 లక్షల మంది డిపాజిటర్లు చిక్కుకున్నారు. వారిలో అత్యధికులను చేర్పించింది పక్కింటివాళ్లు, చుట్టాలే. వాళ్ల డబ్బూ అందులోనే పోయింది. 2019లో ముంబైలో పీఎంసీ బ్యాంకు సంక్షోభం తర్వాత బ్యాంకు డిపాజిట్ల బీమాను 2020 ఫిబ్రవరిలో లక్ష నుంచి రూ. 5 లక్షలకు పెంచారు. అది బ్యాంకుకే. రిజిస్టరు కాని చీటీకి, 'రియల్ వెంచర్' రసీదుకు ఆ గొడుగు లేదు.

మరి మొదలెక్కడ? ఎక్కడ మొదలు కాకూడదో చెప్పడం తేలిక. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో చిన్న మదుపరుల్లో 93 శాతం 2021-22 నుంచి మూడేళ్లలో నష్టపోయారని, మొత్తం నష్టం రూ. 1.8 లక్షల కోట్లు దాటిందని సెబీ 2024లో లెక్క తేల్చింది. ఆ మిగిలిన ఏడు శాతంలో తానుంటానని ప్రతి హాస్టల్ గదిలోనూ ఒకడు నమ్ముతాడు.

జీతాన్ని 50, 30, 20 శాతాలుగా పంచుకోమనే సూత్రం అమెరికా నుంచి వచ్చింది. చదువు అప్పు కంతు కడుతూ, చెల్లెలి ఫీజు పంపుతూ, నాన్న మందులు కొంటున్న కుర్రాడికి అందులో గడులే సరిపోవు. అతనికి అమ్మ పద్ధతే దగ్గరగా ఉంటుంది. ఆమె సరుకుల డబ్బులోంచి ఖర్చుకు ముందే కొంత తీసి పోపుల డబ్బాలో వేసేది. జీతం పడిన మర్నాడే, ఎంత చిన్న మొత్తమైనా, వేరే ఖాతాకు దానంతటదే వెళ్లేలా చేయడం ఆ డబ్బాకు కొత్త రూపం. మూడు నెలల ఖర్చులు ఓ నోటు పుస్తకంలో రాస్తే డబ్బు ఎక్కడికి పోతోందో కనిపిస్తుంది. యూపీఐ 2016లో వచ్చాక పర్సు ఖాళీ అవడం కంటికి కనిపించడం మానేసింది కాబట్టి రాయడం మునుపటికంటే అవసరం. మూడు, నాలుగు నెలల ఖర్చుకు సరిపడా సొమ్ము డిపాజిట్‌లో చేరేదాకా షేర్ల జోలికి పోకపోవడమే మంచిది. ఆ సొమ్ము లేనివారే రాత్రి పదకొండు గంటలకు లోన్ యాప్ తెరుస్తారు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే పోతుంది. ఉద్యోగం మారినప్పుడల్లా పీఎఫ్ తీసేసుకుని ఫోన్ కొనేవారికి నలభై ఏళ్లు వచ్చాక గానీ అసలు ధర తెలియదు.

ఇవి కుదిరాక నెలకు రూ. 500తో కూడా మ్యూచువల్ ఫండ్ సిప్ మొదలుపెట్టొచ్చు. 2013 జనవరి నుంచి మధ్యవర్తి కమిషన్ లేని డైరెక్ట్ ప్లాన్లు ఉన్నాయి. ఏడాదికి అర శాతం నుంచి ఒక శాతం దాకా మిగులుతుంది. 2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ అదే అక్టోబరులో ఒక దశలో 8,000 కిందకు జారింది. ఆ పది నెలలు గుర్తుంచుకున్నవారు వచ్చే ఏడాది పెళ్లికి కావాల్సిన డబ్బును అందులో పెట్టరు.

ఈ హడావుడిలో అందరూ దాటేసే గడి ఒకటుంది, నామినీ. ఎవరూ అడగక రిజర్వు బ్యాంకు నిధికి చేరిన బ్యాంకు డిపాజిట్లు 2024 మార్చి నాటికి రూ. 78,000 కోట్లు దాటాయి. పెళ్లికాని యువకులు యాప్‌లో ఖాతా తెరిచేటప్పుడు 'తర్వాత చూద్దాం' అని నొక్కి ముందుకు పోతుంటారు. ఆ ఖాతా ఉన్న సంగతే ఇంట్లో తెలియదు. బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకునే వీలు 2025 నవంబరు నుంచి వచ్చింది, నింపడానికి రెండు నిమిషాలు చాలు. బాబాయి చేయించిన పాలసీలో మాత్రం ఆ గడి ఖాళీగా ఉండదు. కుర్రాణ్ని అడక్కుండానే అక్కడ ఆయన తన వదినగారి పేరు రాసేసి ఉంటాడు.